కొత్త నీళ్ళా, కొత్త దోమా?
(కోరంగి రేవు నుండి రూవి దాకా పసిపిల్లల దోమకాటు చరిత్ర)

తెలుగువారి ఇళ్ళలో ఒక పాత మాట ఉంది. ఊరు మారిన పసిబిడ్డకు ఒంటిమీద దద్దుర్లు లేచినా, కాలో చెయ్యో వాచినా, ఒళ్ళు వెచ్చబడినా, పెద్దలు "కొత్త నీళ్ళు పడలేదు" అంటారు. మన మారిషస్ ద్వీపంలో తెలుగు మాట తగ్గిపోయిన ఇళ్ళలో కూడ ఈ తలపు పోలేదు. మాట క్రియోలులో ఉంటుంది, తలపు మాత్రం గోదావరి ఒడ్డుదే.

ఈ మాటలో కొంత నిజం ఉంది. ఊరు మారితే బిడ్డ ఒంటికి ఏదో కొత్తది తగులుతుందన్న సంగతి మన పెద్దలు సరిగానే గమనించారు. అయితే నేరమంతా నీళ్ళమీద మోపారు. చాలాసార్లు అసలు కారణం నీటిలో లేదు. ఆ నీటిలో పుట్టి, రెక్కలు వచ్చి, రాత్రి మంచం దగ్గరకు వచ్చిన దోమలో ఉంది. కొందరు పిల్లలకు దోమ కుట్టినచోట చిన్న దద్దురు లేచి ఊరుకోదు. గంటలలో చెయ్యి మోచేతి దాకా వాచిపోతుంది, చర్మం ఎర్రబడి కాలుతుంది, కన్ను మూసుకుపోతుంది, జ్వరం కూడ తగులుతుంది. ఇది అంటురోగం కాదు, దిష్టి కాదు, రక్తదోషం కాదు. దోమ ఉమ్మిని బిడ్డ శరీరం శత్రువుగా భావించి చేసే యుద్ధం. దీనిని నేటి వైద్యులు దోమకాటు ఎలర్జీ అంటారు.

ఈ చిన్న విషయానికి చరిత్ర ఏమున్నదని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది. అది మన చరిత్రే. సముద్రం దాటిన ప్రతి తెలుగు కుటుంబమూ బిడ్డను చంకనెత్తుకొని ఒక కొత్త దోమల దేశంలో అడుగుపెట్టింది. నిన్న అది పోర్ట్ లూయీ, నేడు అది రూవి.

రూవి ఎక్కడ ఉన్నది?

ఒమాన్ దేశపు రాజధాని మస్కట్. ఆ నగరంలో, నల్లని రాతికొండల నడుమ లోయలో ఉన్న పేట రూవి. లోయలో పొడి వాగులు ఉన్నాయి. వాటిని అరబ్బీలో 'వాది' అంటారు. ఏడాది పొడుగునా ఎండి ఉంటాయి, వాన పడిన రోజున ఏరులై పారుతాయి. అక్కడి పాత కోటకు బైత్ అల్ ఫలజ్ అని పేరు. 'ఫలజ్' అంటే కొండల నుండి నీటిని తెచ్చే కాలువ. కాబట్టి ఎండిన దేశమైనా, రూవి నీటి పేరు మీదనే పెరిగిన చోటు. 1973 దాకా మస్కట్ విమానాశ్రయం ఈ లోయలోనే, ఆ కోట ప్రక్కనే ఉండేది. ఆ సంవత్సరం విమానాశ్రయం సీబ్‌కు తరలిపోయిన తరువాత, ఖాళీ అయిన నేలమీద బ్యాంకులు, అంగళ్ళు, అద్దె ఇళ్ళు లేచాయి. 1970లో సుల్తాన్ కాబూస్ పరిపాలన మొదలయిన తరువాత ఆ దేశం రోడ్లు, బడులు, ఆసుపత్రులు కట్టుకొన్నది. ఆ పనికి చేతులు భారతదేశం నుండి వచ్చాయి. నేడు రూవి వీధులలో మలయాళం, తమిళం, హిందీ, ఉర్దూ, తెలుగు వినిపిస్తాయి.

అక్కడికి వెళ్ళే తెలుగువారిలో చాలమంది గోదావరి జిల్లాల నుండి, కడప జిల్లా నుండి వచ్చినవారు. కొందరు ఉద్యోగులు కుటుంబంతో ఉంటారు. కూలిపని చేసేవారు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు బిడ్డలను ఊరిలో విడిచి ఒంటరిగా ఉంటారు. మన పూర్వీకులను ఓడ ఎక్కించినది కూడ ఆ గోదావరి తీరమే. 1843లో 'కోరంగి' పేరుగల ఓడ మనవారిని ఈ ద్వీపానికి తెచ్చిందని మనం పిల్లలకు చెప్పుకొంటాము. ఈ దేశంలో మనకు 'కోరంగులు' అన్న పేరు వచ్చినది. ఒకే నేల నుండి, నూట ముప్పై ఏండ్ల ఎడంతో, రెండు ప్రయాణాలు. కనుక రూవిలోని తెలుగు బిడ్డ మనకు పరాయి బిడ్డ కాదు. ఆ బిడ్డ ఒంటిమీద వాపును గురించి తెలిసికొంటే మన ముత్తవ్వల బిడ్డల సంగతి కూడ కొంత తెలుస్తుంది.

1867 జ్వరం

1834 నుండి ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల వరకు సుమారు 4,50,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు వచ్చారు. పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ మెట్లు వారి పాదాలు ఎరుగును. ఆ కాలపు రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఓడ, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, అన్నీ వాటిలో వ్రాశారు. పారిపోయిన మనిషిని పట్టుకోవడానికి ఏవి అవసరమో అవి వ్రాశారు. బిడ్డకు ఏ రాత్రి కాలు వాచినదో, తల్లి ఎన్ని రాత్రులు మేల్కొన్నదో వ్రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

అంతకు ముందు మారిషస్ ఆరోగ్యకరమైన దీవిగా పేరుపొందినది. భారతదేశంలో జబ్బుపడిన ఆంగ్ల అధికారులు గాలి మార్పు కోసం ఇక్కడికి వచ్చేవారు. 1860ల నడుమ మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ దీవిలో స్థిరపడినది. 1866 చివర జ్వరం మొదలయినది. 1867 ఒక్క సంవత్సరంలో 30,000 మందికి పైగా జ్వరంతో మరణించారు. ఆనాటి జనాభా నాలుగు లక్షలు కూడ లేదు. డబ్బున్నవారు పోర్ట్ లూయీని విడిచి చల్లని మెట్టమీదికి పోయారు. క్యూర్‌పిప్ పట్టణం అలా పెరిగినది. తోట కొట్టంలోని కూలీ ఎక్కడికి పోగలడు? ఆ 1867 లోనే వచ్చిన కూలీ చట్టం, సంచార నేరం పేరుతో మనవారి కాళ్ళకు మరింత గట్టిగా సంకెల వేసినది. ఒకే ఏట దోమ కొట్టంలోకి వచ్చినది, కూలీ కొట్టం విడిచి బయటికి పోరాదన్నారు.

ఇంత పెద్ద మృత్యువు ముందు పిల్లల దోమకాటు వాపును ఎవరు లెక్కపెడతారు? ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ వాపు ఆ రోజులలో లేదని మాత్రం అనుకోరాదు. పొగను చూచి నిప్పును తెలిసికొన్నట్లు, శరీరధర్మాన్ని బట్టి మనం దానిని తెలిసికొనవచ్చును. ఓడ దిగిన బిడ్డను ఆ రాత్రే కొత్తజాతి దోమలు కుట్టాయి. అటువంటి బిడ్డలలో కొందరికి పెద్ద వాపు రావడం నేడు వైద్యులు చూస్తున్నదే. ఆనాడు వచ్చిన వాపును జ్వరంలో కలిపివేశారు, లేదా నీళ్ళమీద నెట్టివేశారు.

సికింద్రాబాదులో ఎనిమిది అణాలు

దోమ కడుపులో మలేరియా క్రిమి మొదట కనిపించినది కూడ తెలుగునేలమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదులో, బేగంపేట దగ్గర, సైన్యపు వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూచాడు. ఆ దోమ తాగినది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున, ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు అతనికి ముట్టాయి. చరిత్రలో రాస్ పేరు నిలిచినది, 1902లో నోబెల్ బహుమతి వచ్చినది. హుసేన్ ఖాన్ చేతిని మనం మరువరాదు. దోమ కుట్టేటప్పుడు మనిషి ఊరక కూర్చోవడం ఎంత కష్టమో మనకు తెలుసు గదా!

మన విషయానికి మరింత ముఖ్యమైనది మరుసటి సంవత్సరం జరిగినది. 1898 జులైలో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను పరిశోధిస్తూ, ఆ క్రిములు చివరకు దోమ ఉమ్మి గ్రంథులలోకి చేరడం చూచాడు. దోమ కేవలం రక్తం తాగి పోవడం లేదు. కుట్టేటప్పుడు తన ఉమ్మిని మన చర్మంలోకి వదులుతున్నది. రోగం ఆ ఉమ్మితో వస్తున్నది. పిల్లల వాపుకు కారణమైనది కూడ ఆ ఉమ్మే అని తెలియడానికి ఇంకా చాల కాలం పట్టినది.

రాస్ మన దీవికి కూడ వచ్చాడు. 1907 నవంబరు నుండి సుమారు మూడు నెలలు ఇక్కడ ఉండి, మురుగు నీటిని తొలగించే పద్ధతులు చెప్పి, 1908లో నివేదిక వ్రాశాడు. ఊరిలో మలేరియా ఎంత ఉన్నదో కనుగొనడానికి పిల్లల పొట్ట తడిమి, ప్లీహం పెరిగినదా అని చూచేవారు. ఆ విధంగా కూలీల పిల్లలు మొదటిసారి వైద్యుని లెక్కలోకి ఎక్కారు. ప్లీహం లెక్కకు వచ్చినది, చర్మం రాలేదు. అది రాస్ తప్పు కాదు. చంపే జబ్బును ముందు చూడడం న్యాయమే.

తరువాత 1949లో మొదలయిన డీడీటీ ఉద్యమం మన దీవిలో మలేరియాను అణచినది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియా లేని దేశంగా గుర్తించినది. 1975లో గెర్వేజ్ తుపాను తరువాత అది మళ్ళీ తల ఎత్తినది, ఎంతో శ్రమతో మళ్ళీ అణగినది. 1998 నుండి ఇక్కడ పుట్టిన మలేరియా లేదు. అయినా దోమ పోలేదు. 2005, 2006 సంవత్సరాలలో చికున్‌గున్యా మన కీళ్ళను పట్టి కుదిపినప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసినది. ఆ కాలంలోనే ఆంధ్ర దేశంలో కూడ చికున్‌గున్యా లక్షల ఇళ్ళలోకి పోయినది. హిందూ మహాసముద్రానికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున, మన రెండు ఇళ్ళూ ఒకేసారి మూలిగాయి.

ఉమ్మి రహస్యం

ఎలర్జీ అనే మాట పుట్టినది 1906లో. దానిని సృష్టించినవాడు వియెన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. రోగం కుదర్చడానికి గుర్రపు రక్తరసం సూదిమందుగా ఇచ్చిన పిల్లలలో, రెండవసారి ఇచ్చినప్పుడు కొందరికి వాపు, దద్దుర్లు, జ్వరం త్వరగా వచ్చేవి. శరీరం మొదటి పరిచయాన్ని గుర్తుంచుకొని, రెండవసారి వేరుగా ప్రవర్తిస్తున్నదని ఆయన గ్రహించాడు. కాపాడవలసిన శక్తే ఒక్కొక్కప్పుడు బాధపెడుతుందన్నది ఆనాటికి వింత మాట. 1966, 1967 సంవత్సరాలలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెనిచ్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రవర్తనకు మూలమైన రక్తపదార్థాన్ని కనుగొన్నారు. దానిని నేడు 'ఐజీఈ' అంటారు.

దోమల సంగతి ఇలా ఉంటుంది. కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. రక్తం గడ్డకట్టకుండా, నాళం ముడుచుకోకుండా ఉండడానికి తన ఉమ్మిని లోపలికి వదులుతుంది. ఆ ఉమ్మిలో అనేక మాంసకృత్తులు ఉంటాయి. శరీరం వాటిని పరాయివిగా గుర్తించి ఐజీఈని తయారుచేస్తుంది. తరువాత కుట్టినప్పుడు ఆ ఐజీఈ చర్మంలోని కణాలను రేపగా, హిస్టమిన్ అనే పదార్థం వెలువడుతుంది. దురద, ఎరుపు, ఉబ్బు దాని పనులే. కొన్ని నిమిషాలలో లేచే దద్దురు ఇది. మరునాడు గట్టిగా లేచే కురుపు వేరొక రకపు స్పందన.

1946లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు కెన్నెత్ మెలన్‌బీ దోమకాటుకు మనిషి స్పందన ఎలా మారుతుందో వివరించాడు. ఎన్నడూ ఆ దోమ కుట్టని మనిషికి మొదట ఏమీ తెలియదు. కొంతకాలం కుట్టిన తరువాత, మరునాటికి వాపు వస్తుంది. ఇంకా కుడితే, వెంటనే దద్దురు, మరునాడు వాపు, రెండూ వస్తాయి. మరికొంత కాలానికి మరునాటి వాపు పోయి, వెంటనే లేచే దద్దురు మాత్రం మిగులుతుంది. చాల ఏండ్లు కుట్టించుకొన్నవానికి చివరకు ఏమీ రాదు. అయిదు మెట్ల మేడ ఇది.

ఈ మేడను చూస్తే మన పెద్దల అనుభవం అర్థమవుతుంది. చెరకు తోటలో ముప్పై ఏండ్లు పనిచేసిన తాతకు దోమ కుట్టినా దద్దురు లేవలేదు. ఆయన ఒళ్ళు మొద్దుబారలేదు. ఆయన అయిదవ మెట్టు ఎక్కాడు, అంతే. మనుమడు రెండవ, మూడవ మెట్టు మీద ఉన్నాడు. "మాకు లేని బాధ వీడికెక్కడిది, సుకుమారం!" అని తాత అంటే, తాత తప్పు చూడలేదు గాని తన మెట్టుమీద నిలుచుండి చూచాడు. ఇంకొక సంగతి ఏమనగా, ఒకజాతి దోమకు అలవాటుపడిన ఒళ్ళు వేరొక జాతి దోమకు అలవాటుపడినట్లు కాదు. కొన్ని ఉమ్మి పదార్థాలు అన్ని జాతులకూ సామాన్యం, కొన్ని ఒక్కొక్క జాతికే ప్రత్యేకం. అందువల్ల ఊరు మారితే కొందరు కింది మెట్టు నుండి మళ్ళీ ఎక్కవలసి వస్తుంది. మన పెద్దలు 'కొత్త నీళ్ళు' అన్నది దీనినే.

అన్నిటికంటె పెద్ద వాపుకు ప్రత్యేకంగా పేరు పెట్టినది 1999లో. కెనడా దేశంలో, విన్నిపెగ్ నగరంలో, ఎస్టెల్ సైమన్స్, జికాంగ్ పెంగ్ అనే పరిశోధకులు, ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు చిన్నపిల్లలకు దోమ కుట్టిన గంటలలో పెద్ద వాపు, జ్వరం రావడం పరీక్షించి ప్రకటించారు. ఆ పిల్లల రక్తంలో దోమ ఉమ్మికి ఎదురు నిలిచే పదార్థాలు ఉన్నట్లు రుజువు చేశారు. దానికి 'స్కీటర్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు; ఉత్తర అమెరికా వాడుక మాటలో స్కీటర్ అంటే దోమ. చూడండి, దోమతో పాటు మనిషి పుట్టిననాటి నుండి ఉన్న బాధకు వైద్యశాస్త్రంలో ఈ పేరు నిన్నగాక మొన్న వచ్చినది. అది కూడ మంచు కురిసే దేశంలో వచ్చినది. చలిదేశంలో పిల్లలకు దోమ ఏడాదికి కొన్ని నెలలే కుడుతుంది, ఆ వాపును పట్టించుకొనే తీరిక అక్కడి వైద్యునికి ఉన్నది. మలేరియా ఉన్న దేశంలో ఆ తీరిక లేకపోయినది.

రూవి బిడ్డ, గోదావరి దోమ

ఇప్పుడు మళ్ళీ రూవికి వద్దాము. ఒమాన్ కూడ మలేరియా దేశమే. కొండ కాలువలలో, బావులలో, నీటి తొట్లలో అనాఫిలిస్ పెరిగేది. 1970కి ముందు ముత్రాహ్, మస్కట్ రేవులలోని అమెరికన్ మిషను ఆసుపత్రులే ఆ దేశానికి పెద్ద దిక్కు. 1991లో ప్రభుత్వం మలేరియా నిర్మూలన కార్యక్రమం ప్రారంభించినది. ఇంటింటికి తిరిగి, నీటి చోట్లన్నీ వెదకి, వచ్చిన ప్రయాణీకుల రక్తం పరీక్షించి, 2004 నాటికి స్థానిక వ్యాప్తిని ఆపివేశారు. తరువాత బయటి దేశాల నుండి వచ్చిన జ్వరాల వల్ల అక్కడక్కడ చిన్న వ్యాప్తులు జరిగినా వాటిని అణచారు. ఇది మన దీవి కథకు తోబుట్టువు వంటి కథ.

అయితే ఏడిస్ దోమ వేరు. అది శుభ్రమైన నీటిని కోరుతుంది, పగలు కుడుతుంది, ఇంటి చుట్టే తిరుగుతుంది. 2018 డిసెంబరులో మస్కట్ ప్రాంతంలోనే పుట్టిన డెంగ్యూ కనిపించినది. 2019 జనవరిలో ఆరోగ్యశాఖ, మస్కట్ పురపాలక సంఘం కలిసి ఏడిస్ ఈజిప్టై దోమను వెదకి తుడిచివేసే ఉద్యమం నడిపారు. రూవి వంటి క్రిక్కిరిసిన పేటలో పని సులభం కాదు. మేడ మీద మూతలేని నీటి పీపా, ఏసీ యంత్రం క్రింద పెట్టిన బకెట్టు, పాత టైరు, కట్టుబడి స్థలంలో నిలిచిన నీరు, పూలకుండీ క్రింది పళ్ళెం, ఇవన్నీ దానికి పురిటిగదులు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు మస్కట్ వాదులు పొంగి వీధులు మునిగాయి. ఎడారి దేశంలో నీరు అరుదు. కాని వచ్చినప్పుడు నిలిచిపోయే నీటిని దోమ వృథాగా పోనివ్వదు.

ఇక రూవిలో పుట్టి పెరిగే తెలుగు బిడ్డను తలచుకోండి. ఏసీ గది, మూసిన కిటికీ, బడి బస్సు. దోమల మీద యుద్ధం చేసే ప్రభుత్వం. ఈ బిడ్డను దోమ కుట్టడం తక్కువ. ఇది అదృష్టమే. అయితే బడి వేసవి సెలవులకు తల్లిదండ్రులు బిడ్డను తీసుకొని రాజమండ్రికో, అమలాపురానికో పోతారు. గోదావరి జిల్లాలకు తొలకరి వచ్చే కాలం అది. కాలువలు నిండుతాయి, వరి మడులు తడుస్తాయి, దోమలు లేస్తాయి. అమ్మమ్మ ఇంటి అరుగు మీద ఆడుకొన్న బిడ్డకు సాయంత్రానికి కాళ్ళు వాచిపోతాయి. ప్రక్కనే ఆడిన ఊరి పిల్లలకు చిన్న దద్దురు కూడ ఉండదు. అమ్మమ్మ నొచ్చుకొంటుంది: "మా ఊరి నీళ్ళు మా మనుమడికే పడలేదు!"

ఇక్కడ చరిత్ర తలక్రిందులైనది. మన ముత్తవ్వ బిడ్డకు గోదావరి అలవాటు, పోర్ట్ లూయీ కొత్త. రూవి బిడ్డకు పరదేశం అలవాటు, గోదావరే కొత్త. మన మారిషస్ పిల్లలు తాతల ఊరు చూడడానికి ఆంధ్రకు పోయినప్పుడు కూడ ఇటువంటి వాపుతో కొందరు బాధపడతారు. ఆ వాపును చూచి "ఈ నేల మనల్ని కాదన్నది" అని ఎవరూ మనసు చిన్నబుచ్చుకోనక్కరలేదు. నేల కాదనలేదు. ఒంటికి ఆ దోమతో పరిచయం లేదు, అంతే. మన రక్తంలో తెలుగుతనం తగ్గినదనడానికి అది గుర్తు కాదు.

తల్లిదండ్రులు తెలిసికొనవలసినవి

నేను బడిపంతులును, వైద్యుడను కాను. అయినా పుస్తకాలలో వైద్యులందరూ ఒప్పుకొన్న కొన్ని సంగతులు ఇక్కడ చెప్పడం మంచిది. ఎందుకంటే ఈ వాపును తప్పుగా అర్థం చేసికొంటే రెండు వైపులా నష్టం ఉంది.

మొదటిది: ఈ వాపు చర్మంలో చీము పట్టే జబ్బువలె కనిపిస్తుంది. అందువల్ల అవసరం లేని మందులు పిల్లలకు పడతాయి. తేడా కాలంలో ఉంది. ఎలర్జీ వాపు దోమ కుట్టిన కొన్ని గంటలలోనే వస్తుంది, దురద ఎక్కువగా ఉంటుంది. చీము పట్టే జబ్బు సాధారణంగా కొన్ని రోజుల తరువాత, గోకిన పుండు నుండి మొదలవుతుంది, నొప్పి ఎక్కువ, ఎరుపు ప్రాకుతుంది. కాబట్టి వైద్యుని దగ్గరకు పోయినప్పుడు "ఎప్పుడు కుట్టినది, ఎప్పుడు వాచినది" అని సరిగా చెప్పాలి. ఆ ఒక్క మాట సగం వైద్యం.

రెండవది దీనికి ఎదురు ప్రమాదం. దోమలున్న దేశానికి పోయి వచ్చిన బిడ్డకు జ్వరం వస్తే, "అది ఎలర్జీయేలే" అని ఊరుకోరాదు. మలేరియా, డెంగ్యూ కూడ ఆ దోమల నుండే వస్తాయి. జ్వరం నిలిచినా, బిడ్డ నీరసించినా రక్తపరీక్ష చేయించాలి. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్ ఇవ్వరాదు. 1867లో వాపు జ్వరంలో కలిసి మరుగైపోయినది. నేడు మనం జ్వరాన్ని వాపులో కలిపి మరుగుపరచరాదు.

మూడవది: వాచినచోట చల్లని తడిగుడ్డ వేయాలి, గోళ్ళు కత్తిరించి గోకకుండా చూడాలి. దురద తగ్గించే ఏంటీహిస్టమిన్ మందు, పూత మందు వైద్యుని సలహాతో వాడాలి. సున్నం, పొగాకు, కిరసనాయిలు వంటివి బిడ్డ చర్మానికి పూయరాదు. బిడ్డకు ఊపిరి అందకపోయినా, పెదవులు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచి సొమ్మసిల్లినా, అది అరుదు గాని ప్రాణాపాయం. ఇంటి మందులతో క్షణం కూడ పోగొట్టక ఆసుపత్రికి పరుగెత్తాలి.

నాలుగవది అన్నిటికంటె పాతది, అన్నిటికంటె మేలైనది. దోమతెర, నిండు చేతుల చొక్కా, కిటికీకి జాలీ. దోమలను తరిమే పూతలు వాడవచ్చును, గాని రెండు నెలలు నిండని పసివారికి డీట్ కలిసిన పూత పూయరాదు. వారానికి ఒకసారి ఇంటి చుట్టు నిలిచిన నీటినంతా పారబోయాలి. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. మనం వారానికొకసారి మేలుకొంటే చాలు.

మనం వ్రాసికొనవలసిన చరిత్ర

ఈ పత్రికలో మనం ఓడల పేర్లు, తోటల పేర్లు, గుడులు కట్టిన పెద్దల పేర్లు వ్రాసికొంటున్నాము. అది అవసరమే. కాని చరిత్ర అంటే ఓడలూ గుడులూ మాత్రమే కాదు. కొట్టంలో రాత్రిపూట బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి ఏమి చేసినది? ఏ ఆకు కాల్చి పొగ వేసినది? వేపాకు దొరకనప్పుడు దానికి బదులు ఏది వాడినది? వాచిన కాలికి ఏమి కట్టినది? వలస అధికారి రిజిస్టరులో ఇవి లేవు. ఇవి ముసలమ్మల నోళ్ళలో మాత్రమే ఉన్నాయి, ఆ నోళ్ళు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

పేరు పెట్టని బాధను ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టని బాధకు ఎవరూ మందు వెదకరు. దోమకాటు వాపుకు 1999 దాకా ఆ గతే పట్టినది. కూలీల బిడ్డల బాధలు ఇంకెన్ని ఇలా పేరు లేకుండా పోయాయో! తెలుగు తరగతులలో చదివే మన పిల్లలకు ఈ సెలవులలో ఒక పని ఇవ్వవచ్చునని నా సూచన. ఇంటిలోని పెద్దవారిని అడిగి, చిన్ననాడు జ్వరానికి, దద్దురుకు, వాపుకు ఇంటిలో ఏమని పేరు, ఏమి చేసేవారు అన్నది తెలుగులో పది వాక్యాలు వ్రాయాలి. అక్షరదోషాలున్నా ఫరవాలేదు, వాటిని దిద్దుకొనవచ్చును.

ఇక రూవిలో, మస్కట్‌లో, ఇంకా గల్ఫ్ ఊళ్ళలో బ్రతుకుతెరువు కోసం ఉన్న తెలుగు తల్లులకు ఈ దీవి నుండి చెప్పదగినది ఒక్కటే. అమ్మా, బిడ్డ కాలు వాచితే మీ ఊరి నీళ్ళను తిట్టవద్దు, బిడ్డ రక్తాన్ని అనుమానించవద్దు. తేదీ, గంట వ్రాసిపెట్టుకోండి, వైద్యునికి చూపండి, మేడమీద నీటి పీపాకు మూత వేయండి. మా ముత్తవ్వలకు ఇది చెప్పినవారు ఎవరూ లేరు.